సరూర్‌నగర్ సీమలో సంధివైద్యము

మలకపేట నుండి తూర్పునకు విజయవాడ రాజమార్గమున సాగిపోవు బాటసారికి మూసారాంబాగు దాటిన పిమ్మట దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ అను పేరులు మెట్రో స్టేషన్ల మీద ఒకదాని వెంట నొకటి కానవచ్చుచుండగా, ఆ స్తంభముల నీడలో, బట్టల దుకాణములకును పుస్తకముల అంగళ్లకును కోచింగ్ సెంటర్ల బోర్డులకును నడుమ, మెట్ల క్రింది మూలలలోను మేడమీది ఇరుకు వసారాలలోను, ఒక బల్ల, ఒక వ్రేలాడు దీపము, మూత ఊడదీసిన ఒక సీపీయూ, గోడ మేకులకు తగిలించిన తీగల గుత్తులు గల చిన్నగదులు పలుచోట్ల అగుపడును. అట్టి గదిలోనికి ఒకడు ప్రింటరును చంకన పెట్టుకొని వచ్చి, "నిన్నటిదాక మంచిగనే నడిచింది అన్నా, ఇయ్యాల సిస్టం దీన్ని గుర్తు పడ్తలేదు" అని బల్లమీద దింపును. మెకానిక్కు దానిని తన యంత్రమునకు తగిలించి ఒక కాగితము తీయును. కాగితము చక్కగా వచ్చును. ఆ వచ్చినవాని సీపీయూకు మరియొక ప్రింటరును తగిలించును. అదియు చక్కగా పనిచేయును. అప్పుడతడు తల గోకికొని, "రెండూ మంచిగనే ఉన్నయి, నడుమనే ఏదో అయింది" అనును.

ఆ 'నడుమ' చరిత్రయే నేనిట వ్రాయదలచినది. రెండు పదములు విడివిడిగా నున్నంతకాలము వానికి వ్యాకరణముతో పేచీ లేదు. అవి కలిసినచోటనే లోపములు, ఆగమములు, ఆదేశములు పుట్టుకొని వచ్చును. చిన్నయసూరి బాలవ్యాకరణమున సంజ్ఞాపరిచ్ఛేదము ముగిసిన వెంటనే సంధిపరిచ్ఛేదము నేల యుంచెనో బడిపిల్లలకు బోధపడకపోవచ్చును గాని, యంత్రములను అతుకువానికి మాత్రము తక్షణమే బోధపడును. దేహమునందును అంతియే గదా; ఎముక గట్టిదే, కండ గట్టిదే, నొప్పి మాత్రము కీలునందు. కంప్యూటరునకును దాని వెలుపలి పరికరములకును నడుమ గల ఈ కీలును పట్టి చూచి జీవించు వృత్తి సరూర్‌నగర్ పరిసరములలో స్థిరపడి యింకను అర్ధశతాబ్దము కాలేదు. ఈ కొలది కాలములోనే ఆ కీలు పలుమార్లు రూపు మార్చికొన్నది. రూపు మార్చికొన్న ప్రతిపర్యాయమును రోగము మాత్రము ఒక మెట్టు లోపలికి జరిగి, కంటికి మరింత దూరమైనది.

కంప్యూటరు, ప్రింటరుల ఈ జంటకు పూర్వపురుషుడు టైపు మిషను. అక్షరము నొక్కు మీటయు, అక్షరమును ముద్రించు కడ్డీయు, కాగితము చుట్టుకొను రోలరును ఒకే ఇనుపదేహములో ఇమిడియుండుటచే దానికి 'వెలుపలి పరికరము' అను మాటయే లేకుండెను. మీటకును ముద్రకును నడుమ నున్నది కంటికి గోచరమగు ఒక లోహపు చేయి మాత్రమే. లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చొను యువకులతో టకటకలాడిన టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలమున మెకానిక్కునకు కావలసినవి ఒక నూనె సీసా, ఒక కుంచె, మంచి చెవి. చప్పుడును బట్టియే రోగము చెప్పువారుండిరి.

కంప్యూటరు మరమ్మతు అను వృత్తి మన దేశమున జనించిన తీరు కొంత విచిత్రమైనది. ఇచ్చట కంప్యూటర్లను అద్దెకిచ్చి తానే సంరక్షించుచు వచ్చిన ఐబీఎం సంస్థ, విదేశీ భాగస్వామ్యపు నిబంధనల కిష్టపడక 1978లో భారతదేశమును విడిచిపోగా, అది విడిచిన యంత్రములను కాపాడు భారము ప్రభుత్వము 1975లో స్థాపించియుండిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషను మీద పడెను. పేరులోనే 'మరమ్మతు' గల ఈ సంస్థ తరువాత సీఎంసీ అను పొట్టిపేరు ధరించి, పరిశోధన విభాగమును మన జంటనగరములలోనే నెలకొల్పి, రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరు విధానము వంటి మహాకార్యములు సాధించెను. 1967లో హైదరాబాదున పుట్టిన ఈసీఐఎల్ అంతకు ముందే స్వదేశీ కంప్యూటర్ల నిర్మాణమునకు పూనుకొని యుండెను. అయితే ఈ వైభవమంతయు చల్లని గదులలో, చెప్పులు విడిచి ప్రవేశింపవలసిన మందిరములలో జరిగినది. ఐబీఎం వెడలిపోయిన ఆ 1978లోనే ఆగస్టు 15న ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో చేరిన సరూర్‌నగర్ అప్పటికి ఒక పెద్ద చెరువు, నిజాముల నాటి విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమము, నడుమ నడుమ తోటలు, రాజమార్గమున లారీల ధూళి. అంతకు మించి చెప్పదగినది స్వల్పము. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను భూస్వామి పొలములు ప్లాట్లయి ఆయన పేరనే దిల్‌సుఖ్‌నగర్ అయినదందురు. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా జిల్లాల నుండి బస్సు దిగినవారికి నగరము మొదట ఎదురగు చోటు అదియే కావున, చదువుకొనవచ్చినవారు అచ్చటనే గది చూచికొని నిలిచిపోయిరి.

ఆ గదుల పుణ్యముననే కంప్యూటరు ఈ సీమకు వచ్చినది. 1990 తరువాతి దశాబ్దమున పెండ్లిపత్రికలు, కోచింగ్ సెంటర్ల కరపత్రములు, నోట్సు పుస్తకములు అచ్చొత్తు డీటీపీ కేంద్రములు వెలసెను. ఒక్కొక్క దానిలో ఒక అసెంబుల్డు కంప్యూటరు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, అదృష్టవంతులకు ఒక లేజరు ప్రింటరు. కంప్యూటరునకును ప్రింటరునకును నడుమ వ్రేలిమందపు తీగ యొకటి. దాని యొక కొన 25 సూదులది, రెండవ కొన 36 పలకలది. 1970లో సెంట్రానిక్స్ అను అమెరికా సంస్థ తన ప్రింటరు కొరకు ఏర్పరచుకొన్న ఆ అతుకును 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరునకు స్వీకరించుటచే అదియే లోకమర్యాద యైనది. ఎనిమిది తీగలు ఒక్కసారిగా ఒక అక్షరమును మోసికొనిపోవును. వానిలో నొక్క సూది వంగినను అక్షరము మరియొక అక్షరమగును. తెలుగు పత్రిక యేమో అర్థము కాని గుర్తులతో నిండి వచ్చినప్పుడు యజమాని ఫాంటును నిందించును, ఫాంటు అమ్మినవాడు ప్రింటరును నిందించును. మెకానిక్కు మాత్రము కొనను వెలుతురునకు త్రిప్పి పట్టి, గుండుసూదితో వంగిన సూదిని నిలబెట్టి, అర్ధగంట కూలి తీసికొనెడివాడు. వ్యాకరణ పరిభాషలో ఇది లోపసంధి. ఉండవలసిన వర్ణము జారిపోవుట.

ఆ నాటి తెలుగు సాఫ్ట్‌వేరులలో కొన్ని దొంగకాపీల భయమున ఒక తాళముతో కూడివచ్చెడివి. డాంగిల్ అని పిలువబడు ఆ అగ్గిపెట్టెయంత వస్తువును కంప్యూటరు వెనుక ప్రింటరు పోర్టునకు తగిలించి, ప్రింటరు తీగను ఆ తాళము వీపునకు తగిలింపవలెను. అనగా సంధిలో మరియొక సంధి. తాళము కొంచెము వదులైనను తెలుగే తెరమీద నిలువదు. కొన్నిచోట్ల ప్రింటరు ఆపివేసియున్నచో తాళము సైతము పలుకక, అచ్చొత్తనవసరము లేనప్పుడును ప్రింటరును వెలిగించి యుంచవలసి వచ్చెడిది. ఆ మర్మము తెలియక ఫార్మాట్ కొట్టించుకొన్నవారెందరో! సాఫ్ట్‌వేరు దోషమని ఒక దినమంతయు శ్రమించి, చివరకు ప్రింటరు మీట నొక్కగానే తెలుగు ప్రత్యక్షమగుట చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియని స్థితి యది.

ఇంతకంటెను గహనమైనది వెలుపల కానరాని తగవు. పరికరము ప్రాసెసరును పలుకరింపవలెనన్న దానికొక పిలుపు గీత కావలెను. ఆ గీతలకు ఐఆర్‌క్యూ అని పేరు, 1984 నాటి ఐబీఎం ఏటీ నమూనా నుండి వాని సంఖ్య 16. అందు పెక్కు గీతలు గడియారము, కీబోర్డు, డిస్కు మొదలగువానికే సరిపోవును. మౌసు, మోడెములను తగిలించు కామ్ పోర్టులలో మొదటిదానికి 4వ గీత, రెండవదానికి 3వది. మూడవ పోర్టు మరల 4వ దానినే, నాల్గవది 3వ దానినే పంచుకొనవలెను. మౌసు మొదటి పోర్టున నున్నది. ఇంటర్నెట్టు వచ్చిన క్రొత్తలో కొన్న మోడెము కార్డును దుకాణదారు మూడవ పోర్టుగా నమర్చి పంపెను. ఇంకేమి, మోడెము టెలిఫోను తీగపై కీచుకీచుమని మొరపెట్టిన తత్‌క్షణము తెరమీది బాణము శిలయై నిలిచిపోవును. ఫోను పెట్టివేసిన మరల కదలును. ఇంటివారు ఇంటర్నెట్టులో ఏదియో వైరసు కలదని నమ్మిరి. ఒకే పిలుపునకు ఇద్దరు పలుకుటయే కారణమని గ్రహించినవాడు కార్డును పెరికి, దానిమీది జంపరు అను నల్లని గోరంత టోపీని ఒక సూదిజంట నుండి మరియొక జంటకు మార్చిపెట్టెను. ఆ టోపీలను పట్టుకొనుటకు కనుబొమల పట్టకారు వాడుచుండిరి. ప్రతి మెకానిక్కు జేబులోను సౌందర్యసాధనమొకటి ఉండుట కిదియే హేతువు.

ఆ కాలమున పెరిగినవారు మెకానిక్కులయిన విధమును కూడ చెప్పవలెను. వీరిలో టైపు మిషన్లు బాగుచేసిన చేతులు కలవు, రేడియో టీవీల దుకాణమున సోల్డరింగు నేర్చిన చేతులు కలవు, డిగ్రీ చదువుచు హాస్టలు అద్దెకై హార్డ్‌వేరు కోర్సులో చేరిన చేతులు కలవు. విడిభాగము కావలసినచో సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు బస్సెక్కవలెను. తీగలు, కనెక్టర్లు, కండెన్సర్లు వంటి చిల్లర సరకునకు కోఠీలోని గుజరాతీ గల్లీ చాలును. సికిందరాబాదు పోయివచ్చుట యనగా ఒక పూట వ్యర్థమగుట. కావున కొనితెచ్చుటకంటె ముందు కనిపెట్టవలెను. ఆ అవసరమే వారికి ఒక తర్కమును నేర్పినది. తీగ మార్చి చూచుట, పోర్టు మార్చి చూచుట, యంత్రము మార్చి చూచుట. ఒక్కసారికి ఒక్కటియే మార్చుట. ఏది యుండగా రోగముండునో, ఏది తొలగగా రోగము తొలగునో, అదియే కారణమని నిశ్చయించుట. మన తార్కికులు దీనినే అన్వయవ్యతిరేకములనిరి. తర్కసంగ్రహమును ఎన్నడును తెరువని యువకుడు నెలకొకమారు దానిని బల్లమీద పునఃస్థాపించుచుండుట నాకెప్పుడును ఆశ్చర్యముగానే యుండును. ఈ నియమమును మీరి, తొందరలో రెండు వస్తువులను ఒక్కపర్యాయము మార్చి బాగుచేసినవానికి గురువు వద్ద చీవాట్లు తప్పవు: "మంచిగైంది సరే, దేనితోని మంచిగైందో చెప్పు!"

కరెంటు చేసిన ఆగడములును కొన్ని కలవు. కొత్త కాలనీలలో మూడవ రంధ్రము గోడలో నుండెడిది గాని దాని వెనుక భూమికి పోవు తీగ యుండెడిది కాదు. ప్రింటరు ఒక గోడ ప్లగ్గున, కంప్యూటరు మరియొక గోడ ప్లగ్గున; రెండు దేహములకును వోల్టేజిలో వ్యత్యాసము. యంత్రములు నడుచుచుండగా ప్రింటరు తీగను తగిలించినచో ఆ వ్యత్యాసము తీగగుండ ప్రవహించి పోర్టు చిప్పును కాల్చివైచును. "పోర్టు పోయింది" అను మాట ఆ కాలమున వినబడినంతగా మరియే మాటయు వినబడలేదు. తొలకరి పిడుగులు టెలిఫోను స్తంభము పట్టుకొని మోడెములోనికి, మోడెము నుండి మదరుబోర్డులోనికి దిగివచ్చుటయు అట్టిదే. జూను మాసము మెకానిక్కులకు ధాన్యము ఇల్లుచేరు మాసము వంటిది. కీబోర్డు తీగ ఊడినప్పుడు మాత్రము భయము లేదు, హాస్యమే. కీబోర్డు లేదనియు, ముందునకు సాగుటకు ఎఫ్1 మీట నొక్కుమనియు తెర ఆజ్ఞాపించెడిది. లేని కీబోర్డున మీట నొక్కుట యెట్లో ఆ వాక్యము వ్రాసినవానికే తెలియవలెను.

ఇన్ని అతుకుల బాధను తీర్చుటకు పుట్టినది యూఎస్‌బీ. వడోదర విశ్వవిద్యాలయమున చదివి అమెరికాలో ఇంటెల్ సంస్థలో పనిచేసిన అజయ్ భట్ దాని రూపకర్తలలో ప్రముఖుడు. 1996 జనవరిలో మొదటి నిర్దేశపత్రము వెలువడెను: నాలుగే తీగలు, కంప్యూటరు వైపున ఒకే ఆకారము, ఒక మూలస్థానమునకు 127 పరికరములు, యంత్రము నడుచుచుండగనే తగిలించి తీయగల స్వేచ్ఛ. అయినను 1998 ఏప్రిల్ 20న షికాగోలో బిల్ గేట్స్ సమక్షమున విండోస్ 98ను ప్రదర్శించుచు, సహాయకుడొకడు స్కానరు తీగను తగిలించినంతనే తెర నీలమైపోయి వేలజనము గొల్లున నవ్విరి. అందువలననే దీనినింకను విడుదల చేయలేదని గేట్స్ సమర్థించుకొనెను. ఆ సంవత్సరము మనకును స్మరణీయమే. నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయములకు కార్డ్ పథకముతో కంప్యూటర్లు వచ్చి దస్తావేజులు స్కానర్ల క్రిందికి చేరెను. నవంబరు 22న మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. పడమట అద్దాల మేడలు లేచుచుండగా తూర్పున మనవారు స్కానరు తీగ నెచ్చట గ్రుచ్చవలెనో నేర్చుకొనుచుండిరి. రెండును ఒకే చరిత్రలోని పుటలే గాని, మొదటిదానిని గూర్చి వ్రాసినవారు పెక్కురు.

యూఎస్‌బీతో సూదులు వంగుట పోయినది, జంపర్లు పోయినవి, పట్టకార్లు మరల అద్దముల ముందరికి చేరినవి. మెకానిక్కుల వృత్తి యంతరించునని తలచినవారు లేకపోలేదు. జరిగినది వేరు. తీగలోని రోగము డ్రైవరు అను కంటికానని దుబాసీలోనికి ప్రవేశించెను. పరికరమునకు ఒక భాష, విండోస్‌నకు ఒక భాష. నడుమ దుబాసీ లేనిచో 28వ సంకేతము, దుబాసీ యుండియు నోరు మెదపనిచో 10వది, పరికరమే తప్పు పలుకుచున్నదని తేలినచో 43వది, ఒక పసుపుపచ్చ హెచ్చరిక గురుతుతో పరికరముల జాబితాలో నిలుచును. "డ్రైవర్ పడ్తలేదు" అను నూతన వాక్యము భాషలో చేరెను. దుకాణముల గోడలకు తీగల గుత్తులతో పాటు సీడీల దండలును వ్రేలాడెను. పారవేయబోవు డ్రైవరు సీడీని అడిగి తీసికొని దాచువాడు ఆ వీథికి పెద్దమనిషి.

2001 ఆగస్టులో ఈసేవ, తరువాత మీసేవ, వీథివీథిన జిరాక్సు సెంటర్లు, నెట్ సెంటర్లు. ఉద్యోగ ప్రకటన వెలువడిన దినమున దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లన్నియు పెన్‌డ్రైవులు చేతబట్టి ఆ సెంటర్ల ముందర నిలుచును. ఒక పెన్‌డ్రైవు దినమున ఇరువది యంత్రములలో మునిగి లేచిన తరువాత దానిలో ఏమి మిగులును? ఫోల్డర్లు అదృశ్యమై వాని స్థానమున మారురూపములు కూర్చొనెడివి. నల్లని కిటికీలో 'అట్రిబ్' అను ఆజ్ఞను వ్రాసి అసలు ఫోల్డర్లను వెలికితీయుట పదిరూపాయల విద్యయైనది. తగిలించినంతనే తనంత తాను నడుచు ఆటోరన్ సౌకర్యమే ఈ వైరసులకు ద్వారము. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు దానిని పాత విండోసులలో సైతము మూసివేసిన పిమ్మట ఆ ఆదాయము క్రమముగా తగ్గెను. సీపీయూ ముందరి పోర్టుల కథ మరియొకటి. అవి మదరుబోర్డు నుండి సన్నని తీగలతో ముందరికి తేబడినవి. అసెంబుల్ చేసినవాడు ఆ తీగలను తారుమారుగా గ్రుచ్చినచో తగిలించిన పెన్‌డ్రైవు పొగయై పోవును, సరిగా గ్రుచ్చినను ఎక్స్‌టర్నల్ హార్డుడిస్కునకు చాలినంత కరెంటు దారిలోనే సన్నగిలును. అందుచేతనే ఏ పరికరము మొరాయించినను ఫోనులో మెకానిక్కు చెప్పు మొదటి మాట నేటికిని ఒకటియే: "ముంగట వద్దు, ఎన్కకు పెట్టి చూడు."

ఇక ప్రింటర్ల విషయమున కొంత నిలువవలెను, ఏలయన ఈ వృత్తికి అన్నము పెట్టినవి ముఖ్యముగా రెండే: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900. రెండు వేర్వేరు సంస్థల సంతానమైనను కడుపులోని కాట్రిడ్జ్ మాత్రము ఇంచుమించు ఒకటే. ఒకరు 12ఏ అందురు, ఒకరు 303 అందురు, రీఫిల్ చేయువాడు రెంటికిని ఒకే పొడి పోయును. 1020 స్వభావము విచిత్రము. అది వెలిగించిన ప్రతిసారియు తన బుద్ధిని కంప్యూటరు నుండి అరువు తెచ్చుకొనవలెను. డ్రైవరు దానికి ఫర్మ్‌వేరును అందించిన తరువాతనే మేలుకొనును, ఆపివేయగనే మరల నంతయు మరచును. కావున తీగ బాగుండి, కరెంటుండి, దీపము వెలుగుచున్నను డ్రైవరు లేని యంత్రమునకు తగిలించిన 1020 ఒక తెల్లని పెట్టె మాత్రమే.

అన్నిటికంటె నన్ను నవ్వించినది 'కాపీ 1' వృత్తాంతము. ఇల్లు ఊడ్చునప్పుడు ప్రింటరు తీగను తీసి, తరువాత ప్రక్క రంధ్రమున పెట్టుదురు. తన క్రమసంఖ్యను చెప్పుకొనని ప్రింటరయినచో విండోస్ దానిని క్రొత్త చుట్టముగా భావించి, పాత పేరునకే 'కాపీ 1' అని తోకతగిలించి మరియొక ప్రింటరును జాబితాలో చేర్చును. అచ్చొత్తుమను ఆజ్ఞలు మాత్రము ఎవరును లేని పాత పేరునకే పోవుచుండును. కాగితము రాదు, మరల నొక్కుదురు, మరల రాదు. స్పూలరు సంచిలో ఒకే హాల్‌టికెట్టు నలుబది మారులు పోగుపడి, మెకానిక్కు వచ్చి పేరు సరిచేసిన క్షణమున నలుబది కాగితములు వరుసగా వెలువడును. ఆగమము మిత్రుని వలె ప్రక్కన వచ్చి చేరునని పండితులు చెప్పుదురు గాని, ఈ మిత్రుని రాక ఒక రీము కాగితమునకు ముప్పు.

ఆదేశము శత్రువు వలె స్థానమును ఆక్రమించునన్న మాట మాత్రము ఇచ్చట తలక్రిందులైనది. విండోస్ 7 వచ్చినప్పుడు లేజర్‌జెట్ 1010కు తయారీదారు తగిన డ్రైవరు నీయలేదు. మంచి ప్రింటరును మూలపడవేయవలసినదేనా యని జనము వాపోవుచుండగా, 3055 అను వేరొక నమూనా డ్రైవరును దాని స్థానమున ఆదేశించిన ఇదియు పలుకునని మెకానిక్కులు నోటనోట నేర్చుకొనిరి. పరుల భాషలో తన కాగితములు తాను అచ్చొత్తుకొనుచు ఆ ప్రింటర్లు ఏండ్ల తరబడి బ్రతికినవి. అసలైన శత్రువు చిప్పుల రూపమున వచ్చెను. నగల దుకాణపు త్రాసు, పాత బిల్లుల ప్రింటరు మొదలగువాని తొమ్మిది సూదుల తీగను యూఎస్‌బీగా మార్చు చౌక కేబుళ్లలో పెక్కింట నకిలీ చిప్పులుండెడివి. నిజమైన చిప్పును చేయు ప్రొలిఫిక్ సంస్థ తన క్రొత్త డ్రైవరు నకిలీలతో పలుకకుండునట్లు చేయగా, నిన్న పనిచేసిన కేబులు నేడు 10వ సంకేతము చూపెను. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ అను మరియొక సంస్థ ఇంకను ముందునకు పోయి, విండోస్ అప్‌డేటు ద్వారా వచ్చిన తన డ్రైవరుతో నకిలీ చిప్పుల గుర్తింపుసంఖ్యనే సున్నగా మార్చివైచెను. లోకమంతయు గగ్గోలు పెట్టగా వెనుకకు తీసికొనెను. కౌంటరులోని అమాయకునకు తెలిసినదల్లా కేబులు మారలేదు, త్రాసు మారలేదు, తూకము మాత్రము తెరమీదికి రాలేదు. తన వస్తువులో ఏ భాగము నకిలీయో ఎరుగనివానిని శిక్షించు ఈ న్యాయము నాకెన్నడును రుచింపలేదు. వ్రేలిముద్రల యంత్రములును ఇదే కోవలోనివి: వ్రేలు బాగున్నది, అద్దము బాగున్నది, యంత్రము వెలుగుచున్నది, ఆర్‌డీ సర్వీసు అను దుబాసీ మాత్రము గడువు తీరి నిదురించుచున్నది; వరుసలో నిలిచిన వృద్ధురాలు తన వ్రేళ్లే అరిగిపోయినవనుకొని చీరకొంగుతో తుడుచుకొనుచుండును.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్‌కు మెట్రో నడచుటతో సికిందరాబాదు ప్రయాణము పూటపని కాకుండ పోయెను. రెండేండ్లకు, 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్ నగర్ మొదలగు దిగువ కాలనీలు నీట మునిగినవి. కరోనా మూలమున బడి ఇంటిలోనే జరుగుచుండిన సంవత్సరమది. పిల్లల కంప్యూటర్లు నేలమీద, బల్లల క్రింద నుండెను. నీరు తీసిన పిమ్మట దుకాణముల ముందర సీపీయూలు, ప్రింటర్లు, యూపీఎస్‌లు బురద కారుచు బారులు తీరెను. ఎండిన దేమో చూతమని ఇంటిలోనే మీట నొక్కినవారివి చచ్చెను; నొక్కక తెచ్చినవారివి పెక్కు బ్రతికెను. బోర్డులను శుభ్రజలముతో కడిగి, కుంచెతో బురద తీసి, దినముల తరబడి ఆరబెట్టి వెలిగించిరి. అయితే నెల గడచిన తరువాత మరల వచ్చినవారును కలరు: యంత్రము నడుచుచున్నది గాని మౌసు ఉండి యుండి చచ్చుచున్నది. పోర్టుల లోపలి రాగిపలకల మీద ఆకుపచ్చని చిలుము పట్టియుండెను. ఇరువది యేండ్లుగా సాఫ్ట్‌వేరులో దాగిన రోగము చెరువునీటి పుణ్యమున మరల కంటికి కనబడు లోహములోనికి వచ్చినది. పాత మెకానిక్కులు ఆ చిలుమును రుద్ది తీయుటకు రబ్బరు ముక్కను వెదకికొనిరి.

ఇప్పుడు తీగ లేని ప్రింటర్లు వచ్చినవి. రౌటరు మార్చినప్పుడు పాత పేరును పట్టుకొని అలుగుట, రౌటరు 5 గిగాహెర్ట్‌జుల పేరొకటి, 2.4 గిగాహెర్ట్‌జుల పేరొకటి చూపగా చౌక ప్రింటరు రెండవదానినే ఎరిగియుండుట వీని కొత్త రోగములు. సంధి గాలిలోనికి పోయినది. వ్రేలుపెట్టి చూపుటకు చోటు కూడ లేదు. అయినను దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒక డీటీపీ కేంద్రమున, మూలనున్న బల్లమీద, పసుపుపచ్చబారిన ఒక పెంటియం కంప్యూటరు ఇంకను జీవించియున్నది. యూనికోడ్‌కు ముందు నాటి తెలుగులో కూర్చిన పుస్తకములు, సావనీర్లు, వేలకొలది పెండ్లిపత్రికలు దానిలో నున్నవి. ఆ తెలుగు తెరచుకొనవలెనన్న వెనుకనున్న 25 సూదుల తాళము పలుకవలెను. ఆ తాళము యూఎస్‌బీ నుండి ప్రింటరు పోర్టును కల్పించు ఏ కొత్త కేబులుకును లొంగదు. మెకానిక్కు ఆరునెలల కొకసారి వచ్చి, ధూళి ఊది, తాళమును వ్రేలితో మెల్లగా నొక్కి చూచి, తెలుగు వచ్చినదని నిశ్చయించుకొని, వెడలుచు వెడలుచు గుమ్మము వద్ద నిలిచి యజమానితో చెప్పును: "దాన్ని మాత్రం జరపకుండ్రి సార్. ఊడ్శేటప్పుడు గూడ."